మోటారు పక్కనా, మీటరు పక్కనా?

చెన్నైలో పాతికా ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఫ్లాట్స్ కింది భాగం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. స్తంభాల మధ్య కార్లు, బైకులు. ఓ మూల గోడకు ఈబీ (విద్యుత్ బోర్డు) మీటర్ల వరస, దాని మీద తుప్పు పట్టిన పుర్రె బొమ్మ. అక్కడి నుంచి నాలుగైదు మెట్లెక్కితే గానీ లిఫ్టు తలుపు రాదు. వీల్‌చెయిర్‌లో వచ్చిన మనిషి లిఫ్టు ఎదురుగా ఉన్నా మెట్ల దగ్గరే ఆగిపోవాలి. ఆ నాలుగు మెట్ల కోసం పక్కన చిన్న ప్లాట్‌ఫారం లిఫ్టు బిగిస్తారు. గుంట ఎంత లోతు తవ్వాలి, గేటు ఎటు తెరుచుకోవాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని నెలల తరబడి మాటలు నడుస్తాయి. ఇంత అయ్యాక చివరి రోజున ఎలక్ట్రీషియన్ అడుగుతాడు: “మెయిన్ ఎక్కడ పెట్టమంటారు?” అప్పటికి గోడకు పెయింటు కూడా అయిపోయి ఉంటుంది. ఖాళీ ఎక్కడుంటే స్విచ్చి అక్కడికి చేరుతుంది.

అతని ప్రశ్నకు ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. కరెంటు చట్టం చదివినవాళ్ళు మోటారు పక్కన అంటారు. ఫైరు వాళ్ళ అవసరం తెలిసినవాళ్ళు మీటర్ల దగ్గర అంటారు. వాచ్‌మన్ చేతికి అందేలా అంటుంది అసోసియేషన్. పిల్లల చేతికి అందకుండా అంటుంది ఇంటావిడ. ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు. ఈ వాదం ఎక్కడ మొదలైంది, ఇన్ని పాయలుగా ఎందుకు చీలింది, ఇప్పటికీ తెగనిదేమిటి అన్నది ఒకచోట పెట్టి చూడాల్సిన సమయం వచ్చింది.

ముందు స్విచ్చి ఏదో తేల్చుకోవాలి

సగం గొడవ పేర్ల దగ్గరే ఉంది. వీల్‌చెయిర్ లిఫ్టు చుట్టూ ‘స్విచ్చి’ అనిపించుకునేవి కనీసం మూడు ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద ఎర్రగా, పుట్టగొడుగులా ఉబ్బి ఉండేది అత్యవసర స్టాప్ బటన్. కింద గేటు దగ్గర తాళంచెవి పెట్టి తిప్పేది కీ స్విచ్చి. గోడ మీద పెట్టెలో ఉండేది ఐసోలేటర్, లేదా ఆ పని కూడా చేసే ఎంసీబీ. మొదటిది కదలికను ఆపుతుంది, అంతే. కంట్రోలు పెట్టెలో కరెంటు అలాగే ఉంటుంది. రెండోది ఎవరు వాడాలో నిర్ణయిస్తుంది. మూడోది మాత్రమే లిఫ్టును సరఫరా నుంచి పూర్తిగా విడదీస్తుంది. మెకానిక్ లోపల చెయ్యి పెట్టేది దాన్ని నమ్ముకునే. ఈ వ్యాసంలో స్విచ్చి అంటే ఆ మూడోదే.

అది డబుల్ పోల్ అయి తీరాలి, ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి తెగాలి. పాత ఇళ్ళ వైరింగులో ఈ రెండూ తారుమారై ఉండటం ఎలక్ట్రీషియన్లకు కొత్త సంగతి కాదు. సింగిల్ పోల్ స్విచ్చి ఆఫ్ చేస్తే మోటారు ఆగుతుంది, తీగలో ప్రాణం మాత్రం పోదు. ఇంకొకటి, లిఫ్టు మెయిన్ తీస్తే లోపలి దీపం, అలారం కూడా ఆరిపోకూడదు. యూరప్ లిఫ్టు ప్రమాణాల్లో ఇది స్పష్టంగా ఉంది, అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ దీపానికి వేరే స్విచ్చే అడుగుతుంది. ఎవరో మెయిన్ తీశారని, పైన ఇరుక్కున్న మనిషి చీకట్లో బెల్లు కూడా లేకుండా కూర్చోవడం న్యాయం కాదు కదా.

యంత్రానికి గది ఉన్న రోజుల రూలు

మన దేశంలో ఈ విషయానికి మూలం 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోని 50వ రూలు. ప్రతి మోటారుకూ, లేదా ఒకే యంత్రాన్ని నడిపే మోటార్ల గుంపుకూ లింక్డ్ స్విచ్చో సర్క్యూట్ బ్రేకరో ఉండాలి. అది మోటారును ఆనుకుని ఉండాలి. బాధ్యుడైన మనిషి చేతికి సులువుగా అందాలి. దాంతో మోటారుకే కాక దానికి సంబంధించిన రెగ్యులేటర్లకూ కరెంటు పూర్తిగా ఆగాలి. సారాంశం అదే. 2003 విద్యుత్ చట్టం తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నియమాలు ఈ మాటనే తీసుకున్నాయి. వాటి స్థానంలో ఇప్పుడు 2023 నియమాలు నడుస్తున్నాయి.

ఆ రూలు రాసిన రోజుల్లో లిఫ్టు అంటే మేడ మీద, ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన ఒక మెషిన్ రూము. తలుపు తీయగానే చేతికందేచోట మెయిన్, రెండడుగుల అవతల మోటారు, దాని పక్కన కంట్రోలర్. మెకానిక్ పైకెక్కి మెయిన్ తీసి, తాళం తగిలించి, పని చేసుకుని దిగేవాడు. మోటారు పక్కన అన్నా, కంట్రోలర్ పక్కన అన్నా, తలుపు పక్కన అన్నా అదే చోటు. వాదానికి సందే లేదు.

1996లో కోనే కంపెనీ మోనోస్పేస్ అనే లిఫ్టుతో మెషిన్ రూమును ఎత్తేసింది. మోటారు బావి గోడ మీదికి పోయింది, కంట్రోలర్ పై అంతస్తు తలుపు చట్రంలో ఇమిడింది. ‘ఆనుకుని’ అన్న మాటకు తొలి చిక్కు అక్కడ పడింది.

వీల్‌చెయిర్ లిఫ్టు దాన్ని ఇంకా ముడివేసింది. హైడ్రాలిక్ రకంలో మోటారూ పంపూ కలిసి కింద ఓ బీరువాలో కూర్చుంటాయి, పక్కన స్విచ్చి పెట్టడం తేలికే. స్క్రూ, నట్టు మీద నడిచే రకాల్లో చాలావాటికి మోటారు ప్లాట్‌ఫారంతో పాటే పైకీ కిందికీ తిరుగుతుంది. మెట్ల పట్టా మీద జారే కుర్చీ లిఫ్టుకైతే మోటారు కుర్చీ కిందే ఉంటుంది. కుర్చీ ఎక్కడుంటే అది అక్కడ. తిరిగే మోటారును ఆనుకుని స్విచ్చి పెట్టడమంటే నడిచే ఎద్దుకు గోడ మీద గూటం కొట్టినట్టు ఉంటుంది. రూలు అక్షరాలా పాటిస్తే స్విచ్చి కూడా ప్లాట్‌ఫారం మీదే తిరగాలి. అప్పుడు దాని దాకా వచ్చే కేబుల్ ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది, మడతలు పడీ పడీ తెగేదీ ఆ కేబులే. రూలు ఉద్దేశం అది కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. మరి ఉద్దేశం ఏమిటి అన్నచోట దారులు చీలతాయి.

లిఫ్టు కింద లెక్కా, యంత్రం కింద లెక్కా?

ఈ పరికరం ఏ జాతిదో ప్రపంచం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. స్విచ్చి చోటు మీద దీని ప్రభావం అనుకున్నదానికంటే ఎక్కువ.

యూరప్‌లో గీత వేగం దగ్గర పడింది. సెకనుకు 0.15 మీటర్లు దాటనిది అక్కడ లిఫ్టు కాదు, యంత్రం. యంత్రాల చట్టం కిందికి వస్తుంది. నిలువు ప్లాట్‌ఫారాలకు ఈఎన్ 81-41, మెట్ల మీద నడిచేవాటికి ఈఎన్ 81-40 ప్రమాణాలు. యంత్రమైనప్పుడు దాని మెయిన్ స్విచ్చి సంగతి ఐఈసీ 60204-1 చూసుకుంటుంది: పిడి నిలబడే తలం నుంచి 0.6 మీటర్లకూ 1.9 మీటర్లకూ మధ్య ఉండాలి, 1.7 మించకపోతే మేలు, ఆఫ్‌లో తాళం పడాలి. ఇది ఫ్యాక్టరీలో లేత్ మిషనుకు రాసిన వాక్యమే.

అమెరికాలో 1999 నుంచి ప్లాట్‌ఫారం లిఫ్టులకు ఏఎస్‌ఎంఈ ఏ18.1 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. అంతకుముందు పెద్ద లిఫ్టుల ప్రమాణమే వీటికీ. కరెంటు సంగతి మాత్రం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 620వ అధ్యాయంలో పెద్ద లిఫ్టులతో కలిపే ఉంది. అయినా అక్కడ వీల్‌చెయిర్ లిఫ్టులకూ మెట్ల కుర్చీలకూ విడిగా ఒక వాక్యం రాసుకున్నారు: విడదీసే స్విచ్చి మోటారు కంట్రోలర్‌కు కనుచూపులో ఉండాలి. ఆ కోడ్‌లో కనుచూపు అంటే కవిత్వం కాదు. కంటికి ఆనాలి, దూరం 50 అడుగులు, అంటే సుమారు 15 మీటర్లు మించకూడదు. మోటారు అనకుండా కంట్రోలర్ అనడంలోనే తిరిగే మోటారు సమస్య సగం విడిపోయింది.

మన దగ్గర వికలాంగుల లిఫ్టుల బిగింపుకూ నిర్వహణకూ ఐఎస్ 15330 అనే ప్రమాణం 2003లోనే వచ్చింది. మామూలు లిఫ్టుల ఐఎస్ 14665 తరవాత 2022లో అంతర్జాతీయ పద్ధతికి దగ్గరగా ఐఎస్ 17900 వచ్చింది. లిఫ్టుల చట్టాలు రాష్ట్రాలవి. తమిళనాడుది 1997లో వచ్చింది. పెట్టే ముందు అనుమతి, నడిపే ముందు లైసెన్సు. చూసేది గిండీలో ఆఫీసున్న చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ శాఖ. అంటే లిఫ్టును తనిఖీ చేసే కన్ను కరెంటు రూళ్ళు చదివిన కన్నే. అందుకే చెన్నైలో ‘ఆనుకుని’ అన్న పాత మాటకు ఇప్పటికీ బరువు ఎక్కువ.

ఇక అందుబాటు హక్కు వైపు నుంచి 2016 నాటి హార్మనైజ్డ్ గైడ్‌లైన్లు, 2021లో వాటి కొత్త రూపం ఉన్నాయి. వీటి ధ్యాస ప్రధానంగా తలుపు వెడల్పు, బటన్ల ఎత్తు, పట్టుకునే కడ్డీ, చక్రాలు తిరిగే జాగా మీద. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోని 15వ నిబంధన ఆ చట్టానికే విరుద్ధమంది. సలహాలతో సరిపెట్టకుండా తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రూపొందించమని కేంద్రానికి చెప్పింది. ర్యాంపు వాలు తప్పనిసరి అయినప్పుడు ఆ ర్యాంపుకు బదులుగా పెట్టిన లిఫ్టు పనిచేస్తూ ఉండటం కూడా తప్పనిసరి కావాలి. పనిచేస్తూ ఉండటమన్నది చాలాసార్లు ఈ స్విచ్చి చుట్టూనే తిరుగుతుంది.

మోటారు పక్షం

స్విచ్చి యంత్రానికి దగ్గరగా, కంటి ముందు ఉండాలనేవాళ్ళ వాదం ఒక్క భయం మీద నిలబడింది. మెకానిక్ లోపల చెయ్యి పెట్టి ఉండగా ఎవరో వచ్చి ఆన్ చేస్తే? మీటర్ల వరసలో పది మెయిన్లు ఒకేలా కనిపిస్తాయి. “మా ఇంట్లో కరెంటు పోయింది” అంటూ దిగి వచ్చిన మనిషి కింద పడి ఉన్న పిడినల్లా పైకి తోస్తాడు. మెకానిక్‌కు స్విచ్చి కనిపిస్తుంటే కనీసం కేక వేయగలడు. స్విచ్చి మీద తన సొంత తాళం ఉంటే ఆ కేక కూడా అక్కర్లేదు. అమెరికాలో 1989లో ఫ్యాక్టరీల కోసం తెచ్చిన తాళం, చీటీ నియమం వెనకున్నది ఈ ఆలోచనే.

ఈ పక్షానికి ఇంకో బలమైన ఆధారం అమెరికా కోడ్‌లోనే ఉంది. లిఫ్టు మెయిన్‌ను భవనంలో మరెక్కడి నుంచీ తెరిచే, మూసే ఏర్పాటు ఉండకూడదంటుంది అది. స్ప్రింక్లర్లు ఉన్నచోట నీళ్ళు పడకముందే కరెంటు దానంతటదే పోయే ఏర్పాటుకు అనుమతి ఉంది. తిరిగి రావడానికి మాత్రం లేదు. మళ్ళీ ఇవ్వాలంటే మనిషి వచ్చి చేత్తో వెయ్యాల్సిందే. ఫోన్‌లో నొక్కితే ఆన్ అయ్యే వైఫై బ్రేకర్లు సొంత ఇళ్ళలోకి వస్తున్న ఈ రోజుల్లో ఆ వాక్యం కొత్తగా చదవాలి. ఊళ్ళో లేని యజమాని అమెరికా నుంచి అమ్మ కోసం లిఫ్టు ‘రీసెట్’ చేయడం మాటకు ముచ్చటగానే ఉంటుంది, గుంటలో మెకానిక్ లేనంతవరకు.

ఈ పక్షం బలహీనత చెన్నైలో ఇట్టే బయటపడుతుంది: నీళ్ళు. హైడ్రాలిక్ పవర్‌ప్యాక్ ఉండేది నేలమట్టంలో. దాని పక్కనే, సౌకర్యంగా మోకాలెత్తున స్విచ్చి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ ఊళ్ళో నీళ్ళు నిలిచిన చోట్ల కింది అంతస్తు పార్కింగులు చెరువులయ్యాయి. మునిగే స్విచ్చి ఆఫ్ చేయాలంటే నీళ్ళలోకి దిగాలి. దిగకూడని చోట ఉన్న స్విచ్చి ఉన్నా లేనట్టే. తీరం వెంబడి ఉప్పుగాలికి పెట్టె లోపలి కాంటాక్టులు పచ్చగా చిలుమెక్కడం మరో బాధ. ఈ ఊళ్ళో అందుబాటు కోసం ఏది కట్టినా సముద్రాన్ని లెక్కలో పెట్టుకోవాలి. మెరీనాలో వీల్‌చెయిర్ల కోసం వేసిన చెక్కబాట 2022 నవంబరు చివర తెరుచుకుంటే, రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది.

మీటరు పక్షం

భవనం మొత్తానికి కరెంటు వచ్చే చోటే లిఫ్టు స్విచ్చీ ఉండాలనేది రెండో పక్షం. వీళ్ళ దృష్టిలో ముఖ్యుడు మెకానిక్ కాదు, రాత్రి రెండింటికి పొగ కనిపించినప్పుడు వచ్చే మనిషి. అతనికి ఈ ఇల్లు కొత్త. మెయిన్లన్నీ ఒకచోట, పేర్లు రాసి ఉంటే వెతుక్కునే పని ఉండదు. దీనికీ చట్టంలో పునాది ఉంది: 15 మీటర్లు దాటిన భవనాలకు, సరఫరా మొదలయ్యేచోట, స్ఫుటంగా కనిపించేలా, నేల నుంచి 1.70 మీటర్లు మించకుండా ఒక విడదీసే స్విచ్చి ఉండాలని 2010 నియమాలు అన్నాయి.

నీళ్ళ వాదం కూడా వీళ్ళకే అనుకూలం. వరద వస్తే ఈబీ వాళ్ళు ఎలాగూ ముందుజాగ్రత్తగా ఏరియాకే కరెంటు తీస్తారు, 2023లో చాలాచోట్ల తీశారు. అంతదాకా ఆగకుండా పొడి కాళ్ళతో నిలబడి తీయగల చోట స్విచ్చి ఉండాలి అంటారు.

అయితే దూరాన్నుంచి తీసే ప్రతి స్విచ్చికీ ఒక గుడ్డితనం ఉంది. తీసేవాడికి ప్లాట్‌ఫారం మీద మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఈ లిఫ్టు బటన్ నొక్కి పట్టుకుంటేనే నడుస్తుంది, 3 మీటర్లు ఎక్కడానికి కనీసం 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో కింద ఎవరో మెయిన్ తీస్తే కుర్చీలోని మనిషి గాలిలో ఆగిపోతాడు. మామూలు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళను తలుపు సందులోంచి చెయ్యిచ్చి లాగేస్తారు. నూటయాభై కిలోల బ్యాటరీ వీల్‌చెయిర్‌నూ అందులోని మనిషినీ అలా లాగలేరు.

ఇంకో పాత జబ్బు, ఒకే లైను పంచుకోవడం. మీటరు దగ్గర్నుంచి విడి తీగ లాగడం ఖర్చని, కామన్ లైట్ల సర్క్యూట్‌కో బోరు మోటారు బోర్డుకో లిఫ్టును తగిలిస్తారు. దాని మీద 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ ఉంటే, వానకు తడిసిన గేటు దీపం లీకైనప్పుడల్లా లిఫ్టు చచ్చిపోతుంది. విడి సర్క్యూట్ అన్న విషయంలో మాత్రం ఏ పక్షానికీ భేదం లేదు.

తాళం ఎవరిది?

చోటు తేలినా చేతి సంగతి మిగులుతుంది. బడి, గుడి, కల్యాణమండపం లాంటి చోట్ల స్విచ్చి అందరికీ అందితే పిల్లలు ఆడుకుంటారు. పెట్టెకు తాళం వేస్తే అవసరానికి చెవి దొరకదు. ఇక్కడ రెండు తాళాలను ఒకటిగా చూడటం చాలా తప్పులకు మూలం. మెకానిక్ ఆఫ్ చేసి వేసే తాళం ప్రాణరక్షణ. పెట్టె తలుపుకు వాచ్‌మన్ వేసే తాళం ఆస్తిరక్షణ. మొదటిది తప్పనిసరి. రెండోది, మొదటిదానికి అడ్డం రానంతవరకే.

అమెరికాలో 2010 నాటి అందుబాటు ప్రమాణాలు ప్లాట్‌ఫారం లిఫ్టు ఒకరి సాయంతో నడిపేదిగా ఉండకూడదని, మనిషి తనంతట ఎక్కి దిగగలగాలని అంటాయి. అదే సమయంలో మరమ్మతు సిబ్బంది మాత్రమే వాడే స్విచ్చులకు వీల్‌చెయిర్ అందుకునే ఎత్తు నియమాన్ని మినహాయిస్తాయి. అంటే మెయిన్ వాడుకరి చేతిది కాదని ఆ దేశం తేల్చుకుంది. మన ఆచరణ ఇంకో దారిలో ఉంది. రాత్రి పదికి వాచ్‌మన్ కరెంటు ఆదా అని లిఫ్టు మెయిన్ తీసేస్తాడు, తెల్లారి వేయడం మరిచిపోతాడు. కీ స్విచ్చి చేయాల్సిన పని మెయిన్ చేస్తోందన్నమాట. ఇలాంటి చోట మెయిన్ వాచ్‌మన్ కుర్చీ పక్కన ఉండటం సౌకర్యమూ, అదే ప్రమాదమూ.

వికలాంగుల వైపు నుంచి వినిపించే వాదం మరీ సూటిగా ఉంటుంది: మా లిఫ్టును ఎవరైనా ఆపగలరు, మేం మాత్రం ఆన్ చేయలేం. ఇది భద్రత ప్రశ్న వేషంలో ఉన్న అధికారం ప్రశ్న. నాకు వీళ్ళ ఫిర్యాదు న్యాయంగానే కనిపిస్తుంది. దానికి మందు మాత్రం మెయిన్‌ను కిందికి దించడం కాదనిపిస్తుంది. కీ స్విచ్చి చెవి వాడేవాళ్ళ చేతికే ఇచ్చి, మెయిన్ జోలికి రోజూ ఎవరూ పోనవసరం లేకుండా చేయడం.

రెండు పెట్టే దారి

మెషిన్ రూము లేని లిఫ్టులతో తలపట్టుకున్నప్పుడు అమెరికా కోడ్ ఒక మధ్యేమార్గం వెతికింది. కంట్రోలర్ బావిలోనే ఉంటే, అసలు మెయిన్ బావి బయట అర్హులకు అందేచోట. దానికి తోడు తాళం పడే మరో స్విచ్చి కంట్రోలర్‌కు కనుచూపులో. చెన్నై ఇంటికి దీన్ని తర్జుమా చేస్తే: మీటర్ల దగ్గర పేరు రాసిన విడి ఎంసీబీ, ప్లాట్‌ఫారం కనిపించేచోట ఒక డబుల్ పోల్ ఐసోలేటర్. మొదటిది ఫైరు మనిషికీ వరదకూ, రెండోది మెకానిక్‌కు. ఖర్చులో తేడా లిఫ్టు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే బేరీజు ఇలా తేలుతుంది. మోటారు పక్క స్విచ్చి మరమ్మతుకు అన్నిటికంటే మేలు, వరదకు అన్నిటికంటే కీడు. మీటరు పక్క స్విచ్చి వరదకూ మంటకూ పనికొస్తుంది, మెకానిక్‌నూ ప్లాట్‌ఫారం మీది మనిషినీ గాలికి వదిలేస్తుంది. తాళం వేసిన పెట్టె ఆకతాయితనాన్ని ఆపుతుంది, తొందరలో ఎవరికీ ఉపయోగపడదు. రెండు స్విచ్చుల దారి ఈ లోపాల్లో చాలావాటిని కప్పుతుంది, కానీ కొత్తదొకటి తెస్తుంది: లిఫ్టు నడవనప్పుడు ఏది పడిపోయిందో తెలియక ఇద్దరు మనుషులు రెండు చోట్ల తలో పిడీ ఎత్తుతుంటారు. రెండిటి మీదా రెండోది ఎక్కడుందో తెలుగులోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో రాసి ఉంచితే తప్ప ఈ దారి పూర్తికాదు.

ఇంతా చూశాక నా మొగ్గు రెండు స్విచ్చుల వైపే, ఒక షరతుతో. దగ్గరి స్విచ్చిని మోటారును బట్టి కాక, కరెంటు లేనప్పుడు ప్లాట్‌ఫారాన్ని చేత్తో కిందికి దించే పిడి ఎక్కడుందో చూసి, దాని పక్కన పెట్టాలి. ఆ పిడి తిప్పేవాడే ముందు కరెంటు తీయాలి. దించుతున్నంతసేపూ పైనున్న మనిషి ముఖం కనిపించాలి. ఈ రెండూ వేరు వేరు గోడలకు ఉన్న లిఫ్టులో దించే పని మధ్యలో ఎవరో ఒకరు పరిగెత్తాల్సి వస్తుంది.

ఇంకా తెగనివి

అన్నిటికంటే పెద్ద చిక్కు బ్యాటరీ. మెట్ల కుర్చీలు చాలావరకు, ప్లాట్‌ఫారం లిఫ్టులు కొన్ని 24 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. గోడ కరెంటు చార్జింగుకే. అలాంటి లిఫ్టుకు గోడ మీది మెయిన్ తీసి, తాళం వేసి, చీటీ తగిలించినా బటన్ నొక్కితే అది కదులుతుంది. ఈ వాదమంతా గోడ తీగ చుట్టూ నడిచింది, ప్రాణం మాత్రం కుర్చీ కింద పెట్టెలో ఉంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో దిగే లిఫ్టులకు అమెరికా కోడ్ ఒక జవాబు ఇచ్చింది: మెయిన్ తీయగానే ఒక సహాయక కాంటాక్టు యాంత్రికంగానే తెరుచుకుని బ్యాటరీ దారినీ మూసెయ్యాలి, స్ప్రింగు మీద మాత్రమే ఆధారపడకూడదు. పూర్తిగా బ్యాటరీ మీదే నడిచే కుర్చీకి ఆ కాంటాక్టు దాకా తీగ లాగాలంటే మళ్ళీ తిరిగే మోటారు కథే మొదలవుతుంది. కుర్చీ మీదే ఇంకో స్విచ్చి పెట్టడం తయారీదారుల దారి. అప్పుడు మూడు స్విచ్చులవుతాయి.

వాచ్‌మన్ రాత్రిపూట మెయిన్ తీసే అలవాటు ఇక్కడే అసలు నష్టం చేస్తుంది. చార్జింగు అందని లెడ్ యాసిడ్ బ్యాటరీ వారాల్లో నీరసిస్తుంది. ఆ సంగతి బయటపడేది కరెంటు పోయిన రోజునే, మనిషి పైనున్నప్పుడే.

చార్జరు త్రీపిన్ ప్లగ్గుతో గోడ సాకెట్‌కు తగిలించే లిఫ్టులకు ప్లగ్గు పీకడమే విడదీయడంగా లెక్కించవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. పీకిన ప్లగ్గు కళ్ళకు కనిపిస్తుంది, ఆ మేరకు ఏ ఐసోలేటర్ కంటే నిజాయితీగలది. కానీ దానికి తాళం పడదు, మిక్సీ కోసం ఎవరైనా అదే సాకెట్‌ను వెతుక్కుంటూ రావచ్చు.

ఎత్తు విషయంలో లెక్కలు కుదరడం లేదు. యంత్రాల ప్రమాణం 0.6 మీటర్ల నుంచి మొదలవుతుంది. నీళ్ళు నిలిచే వీధిలో అది చాలదు. 1.7 దగ్గర పెడితే నీళ్ళకు అందదు, కుర్చీలో కూర్చున్న మనిషికీ అందదు. అందకపోయినా పర్వాలేదని ఒప్పుకుంటేనే ఈ లెక్క నడుస్తుంది. వేళచేరిలో ఒక ఎత్తు, మైలాపూరులో ఒక ఎత్తు అని వీధిని బట్టి రాసే ప్రమాణం ఎక్కడా లేదు. గత వరదలో గోడ మీద మిగిలిన మచ్చ కంటే ఎగువన బిగించమనడం ఇప్పటికి మంచి మేస్త్రీలు పాటించే పద్ధతి.

చివరిది జాగా. స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలని మన కరెంటు నియమాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. లైసెన్సు కోసం చూసిన రోజున ఆ మీటరు ఖాళీగానే ఉంటుంది. వారం తిరిగేసరికి అక్కడ ఒక స్కూటరు, దాని వెనక పాత సోఫా, సోఫా మీద దీపావళికి కొన్న పెయింటు డబ్బాలు. కొన్ని అపార్టుమెంట్లలో నేల మీద పసుపు గీతల పెట్టె గీసి, గోడకు ఒక ఇనుప కడ్డీ బిగిస్తున్నారు. అది ఉన్నచోట స్కూటరు కడ్డీ అవతల ఆగుతోంది.